మా ఇంట్ల ఇంకెవ్వరు లేరు

మా అన్న వనపర్తిలో ఎం.సి.ఎ. చదివే రోజుల్లో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. చదువు అన్నది కాబట్టి కంప్యూటర్ కూడా అన్నదే. కానీ వనపర్తిలో ఆయన అద్దెకుండే గది తలుపు సరిగ్గా పడదని, ఎవరైనా ఎత్తుకుపోతారని నాన్న దాన్ని గద్వాలలో మా ఇంట్లోనే పెట్టించాడు. అన్న శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. మిగిలిన రోజులన్నీ అది ముందు గదిలో, అమ్మ అల్లిన గుడ్డ కప్పుకొని ఉండేది.

నేను అప్పుడు బీఎస్సీ చదువుతున్నాను. కాలేజీ మధ్యాహ్నానికే అయిపోయేది. ఇంటికొచ్చి తిని, గిన్నెలు కడిగి, కరెంటు ఉంటే ఆ గుడ్డ తీసేదాన్ని. ఏ స్విచ్చు తర్వాత ఏ స్విచ్చు వేయాలో, ఎట్లా ఆపాలో అన్నే నేర్పాడు. అన్న చెడ్డవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ ఇంట్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఏదైనా నేర్పింది ఆయన ఒక్కడే. నా కడుపుమంట కూడా అందుకే ఎక్కువ.

అన్న వనపర్తి నుంచి ఆటల సీడీలు తెచ్చేవాడు. కార్ల పందాలు, తుపాకుల ఆటలు. నాకు అవి పట్టలేదు. కార్ల పందెంలో రోడ్డు దిగి ఆ కొండల వైపు పోదామంటే కారు కదలదు. తుపాకుల ఆటలో ఆ తలుపు వెనక ఏముందో చూద్దామని నిలబడితే ఎవడో వచ్చి కాల్చి చంపుతాడు. ఒక శనివారం ఆయన బస్టాండులో కంప్యూటర్ పత్రిక ఒకటి కొనుక్కొచ్చాడు. దాంతోపాటు ఒక సీడీ ఇచ్చారు. హైదరాబాదులో ఏదో చిన్న కంపెనీ అంతరిక్షంలో తిరిగే ఆట తయారు చేస్తున్నదట. ఇంకా పూర్తి కాలేదు, ఇది నమూనా. అన్న కాసేపు ఆడి విసుక్కున్నాడు.

"దీంట్ల ఏం లేదు చెల్లె. ఉత్తగ పోవుడే."

నాకు కావలసింది ఆ ఉత్తగ పోవడమే.

సోమవారం మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చొని మొదలుపెట్టాను. కాంక్రీటు గచ్చు మీద ఒక ఓడ నిలబడి ఉంటుంది. ఇంజను వేస్తే లేస్తుంది. నేల మీది గీతలు సన్నబడతాయి. ఆకాశం నీలం నుంచి ముదురు నీలమై, చూస్తూ చూస్తూ ఉండగానే నల్లబడుతుంది. చుక్కలు వస్తాయి. అప్పటిదాకా గాలి చేసిన హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో నేను ఎంతసేపు కూర్చున్నానో, అమ్మ వచ్చి భుజం మీద తట్టి "చెవుడొచ్చిందా ఏంది? పిలుస్తుంటె పలుకుతలేవు" అన్నదాకా తెలియలేదు.

ఆ ఆటలో ఒక సూర్యుడు, చుట్టూ గ్రహాలు. మనవి కావు, వాళ్లు కల్పించినవి. ఏ గ్రహం మీదైనా దిగవచ్చు. దిగితే దానికి పేరు పెట్టుకోనిస్తారు. మొదట దిగినచోట అంతా ఎర్రమట్టి, అక్కడక్కడ రాతిగుండ్లు, ఒక్క చెట్టు లేదు. వాన తప్పిన ఏడు మా తాత చెలకలు ఎట్లా ఉండేవో అట్లాగే ఉంది. మా తాతది గట్టు మండలం. ఆ గ్రహానికి గట్టు అని పేరు పెట్టాను. రెండోది చదునుగా, నల్లగా ఉంటే మా మేనత్తను ఇచ్చిన ఊరి పేరు, మానవపాడు అని పెట్టాను. మూడోదానికి రెండు చందమామలు. దానికి తెలకపల్లి అని పెట్టాను. తెలకపల్లి నేను చూసిన ఊరు కాదు. మా నాన్న గద్వాల బస్టాండులో కంట్రోలరు. మైకులో ఏ బస్సు ఏ ఊళ్ల మీదుగా పోతుందో చదివేవాడు. అచ్చంపేట దిక్కు పోయే బస్సు దారిలో ఆ పేరు వచ్చేది. రోజూ అన్ని ఊళ్ల పేర్లు పిలిచే మనిషి, నన్ను వనపర్తికి కూడా ఒంటరిగా బస్సెక్కనిచ్చేవాడు కాదు. ఆటలో మాత్రం ఎక్కడికి పోతున్నావని అడిగేవాళ్లు లేరు. పోయి దిగి, కొత్త నేల మీద నిలబడి, వెనక్కి తిరిగి నేను వచ్చిన గ్రహం ఆకాశంలో చిన్న చుక్కలాగా కనిపిస్తుంటే చూసేదాన్ని. అంత సంతోషం నాకు మనుషుల్లో దొరకలేదని ఇప్పుడు కూడా సిగ్గు లేకుండా చెప్పగలను.

అయితే అది నమూనా కాబట్టి ఇంధనం ఒక్క ట్యాంకే. మూడు గ్రహాలు తిరిగేసరికి అయిపోయేది. తర్వాత ఓడ దిక్కులేకుండా కొట్టుకుపోవడమే. అందరూ అక్కడ ఆపి మళ్లీ మొదటినుంచి ఆడతారు. నేను ఆపేదాన్ని కాదు. ఇంజను లేకపోయినా కిటికీలోంచి చూడవచ్చు కదా. అట్లా ఒకరోజు కొట్టుకుపోతూ ఉన్న ఓడ, అన్నిటికంటే పెద్ద గ్రహం పక్కనుంచి పోయింది. గ్రహం దాన్ని తనవైపు గుంజింది. గుద్దుకుంటుందనుకొని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఓడ వంపు తిరిగి అవతలి పక్కన బయటపడి, మునుపటికంటే ఎంతో వేగంగా పోతున్నది. ఇంధనం మాత్రం సున్నా.

చిన్నప్పుడు జొన్నచేలో పిట్టలు కొట్టడానికి తాత నాకు ఒడిసెల తిప్పడం నేర్పాడు. గుడ్డలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి, ఒక్క కొస వదలాలి. ఎప్పుడు వదులుతామో దాన్నిబట్టి రాయి పోయే దిక్కు ఉంటుంది. ఇది కూడా అట్లాంటిదే అనిపించింది. ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ అదే పని. గ్రహం నడిచే దారికి వెనకనుంచి పోతే వేగం పెరుగుతుంది, ముందునుంచి పోతే తగ్గుతుంది. దగ్గరగా పోతే ఎక్కువ వంపు, దూరంగా పోతే తక్కువ. ఎన్నిసార్లు గుద్దుకొని పోయానో లెక్కలేదు. చివరికి ఉన్న ఇంధనాన్ని మొదట్లోనే కొంచెం వాడి, మిగిలిందంతా దిగడానికి దాచుకొని, ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి విసిరించుకుంటూ పోయే దారి దొరికింది.

అట్లా పోయి పోయి అన్నిటికంటే చివరనున్న చిన్న మంచు గ్రహం చేరుకున్నాను. దిగాను. నేల లేదు. దూరం నుంచి తెల్లగా కనిపించినదంతా దగ్గరికి పోతే బూడిదరంగు గళ్లు. ఓడ ఆ గళ్లలోంచి కిందికి జారిపోయి గ్రహం లోపల పడింది. మొదట భయమేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆట తయారు చేసినవాళ్లు ఇక్కడిదాకా ఎవరూ రారనుకొని నేల వేయలేదు!

శనివారం అన్నకు చూపించాను. ఆయన కుర్చీ అంచుకు జరిగి నోరు తెరుచుకొని చూశాడు.

"ఎట్ల పోయినవే గింత దూరం?"

"ఒడిసెల లెక్క, అన్నా."

ఆటలో ఎంత దూరం పోయినా ఆ ప్రయాణాన్ని దాచుకోవచ్చు. చాలా దూరం పోయినవాళ్లు అది తమకు పంపితే, ఆటలో లోపాలు వెతికే ఉద్యోగానికి పిలుస్తామని ఆ కంపెనీవాళ్లు సీడీ కవరు మీదే రాశారు. పంపుదామని అన్నే అన్నాడు. నా పేరుతో పంపమన్నాను. అన్నం తింటున్న నాన్న తలెత్తాడు.

"ఆడపిల్ల పేరు, ఇంటి ఫోను నంబరు ఎవనికో పంపుడు ఎందుకు? నీ పేరు రాయి," అన్నాడు అన్నతో.

"పేరుకేముంది చెల్లె," అన్నాడు అన్న. "వాళ్లు పిలిస్తే నిన్నే తోలుకపోత."

నమ్మాను.

కొన్ని వారాలకు ఫోను వచ్చింది. నాన్న డ్యూటీ దిగి వచ్చి ఇంట్లో ఉన్నాడు. "ఔ, మా కొడుకే. ఔ, ఎం.సి.ఎ. సదువుతుండు," అంటూ నిలబడే మాట్లాడాడు. ఫోను పెట్టేసి అమ్మను పిలిచి చెప్పాడు: హైదరాబాదు కంపెనీ పిలిచింది, వాళ్ల ఆఫీసు పిల్లలే పోలేనంత దూరం మనోడు పోయిండట. అమ్మ దేవుడి గూటికి దండం పెట్టి, నా చేతికే చక్కెర డబ్బా ఇచ్చి పక్కింటికి పోయి నోరు తీపి చేసి రమ్మన్నది. నేను పోయి పంచివచ్చాను. అన్న వచ్చి నిజం చెబుతాడని నా ధీమా.

అన్న శనివారం వచ్చాడు. చెప్పాడు కూడా.

"నాయినా, అది నేను ఆడలె. చెల్లె ఆడింది."

"తెలుసు," అన్నాడు నాన్న. "ఎవరాడితె ఏంది? ఇంట్ల ఒకనికి ఉద్యోగమస్తె అందరికి వచ్చినట్టె. అది పట్నంల ఒక్కతి ఉంటదా?"

అన్న కాసేపటికి నా దగ్గరికి వచ్చి, "నాకు నేర్పు చెల్లె. వచ్చే వారం దాక టైమున్నది," అన్నాడు.

నేర్పాను. ఆ వారం కాలేజీకి కూడా పోలేదు, ఆయనా వనపర్తికి పోలేదు. ఎంత చెప్పినా ఒక్కచోటే తప్పేవాడు. పెద్ద గ్రహం దగ్గరికి రాగానే గాబరాపడి ఇంజను వేసేవాడు.

"ఇంజను బందు చేసి ఊకె కూసోవాలె అన్నా. అదే తిప్పుతది."

"ఊకె కూసుంటె గుద్దుకుంటది గదనే!"

"గుద్దుకోదు. నన్ను నమ్ము."

ఆయన నమ్మలేకపోయాడు. వేళ్లు ఆగేవి కావు. నేను కూడా పోతానని అడిగాను. అన్న పక్కన కూర్చుంటాను, వాళ్లు అడిగితే నేను ఆడి చూపిస్తాను అన్నాను. అమ్మ నా పక్షం మాట్లాడుతుందేమో అనుకున్నాను. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపకుండానే అన్నది: "నలుగుట్ల నువ్వు ఆడి సూపిస్తె ఆనికి ఇజ్జత్ ఉంటదా?"

నాన్న స్వయంగా బస్సులో కిటికీ పక్క సీటు చూసి అన్నను ఎక్కించాడు. మరుసటి రోజు సాయంత్రం అన్న తిరిగొచ్చాడు. చెప్పులు విప్పి, నేరుగా మంచం మీద పడుకున్నాడు. మెల్లగా అమ్మే రాబట్టింది. ఆ ఆటనే ముందుపెట్టి ఆడమన్నారట. ఇంధనం మొత్తం అయిపోయిందట. ఆ దారి ఎట్లా కనిపెట్టావని అడిగితే, ఏవో బటన్లు నొక్కితే పోయిందన్నాడట. వాళ్లు కోప్పడలేదట. చాయ ఇచ్చి పంపారట.

"పరీక్షల పరేషాన్ల ఉన్న, యాదికి వస్తలేదని చెప్పిన," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సరిగ చెప్పలె," అన్నాడు.

నాన్న, అమ్మ ఇద్దరూ నన్నే చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా మీద ఉంది.

రెండురోజుల తర్వాత మళ్లీ ఫోను మోగింది. నేను గచ్చు మీద కూర్చొని కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. ఫోను నా పక్కనున్న బల్ల మీదే ఉంది. నేను చేతుల పప్పు దుమ్ము దులుపుకొని లేచేలోపే నాన్న తీశాడు. అవతల ఒక ఆడమనిషి గొంతు. గట్టిగా మాట్లాడుతున్నందున నాక్కూడా ప్రతి మాట వినిపించింది. "మీ అబ్బాయి పంపిన ఆట ఎవరు ఆడారండీ? ఆ అబ్బాయి కాదని మాకు అర్థమైంది. తప్పు పట్టడం లేదు. మీ ఇంట్లో ఇంకెవరైనా ఆడి ఉంటే వాళ్లను పంపండి. ఎవరైనా సరే."

నాన్న నా వైపు చూడలేదు. ఎదురుగా గోడ మీది కాలెండరు చూస్తూ చెప్పాడు.

"మా ఇంట్ల ఇంకెవ్వరు లేరమ్మా."

ఫోను పెట్టేశాడు. నా గొంతు నాకే వినపడనంత సన్నగా వచ్చింది.

"నాయినా, నేనున్న గదా."

"ఉన్నవ్," అన్నాడు నాన్న. "లేవని ఎవరన్నరు?"

టిఫిను డబ్బా తీసుకొని డ్యూటీకి పోయాడు. మా ఇల్లు బస్టాండుకు దగ్గర. కాసేపటికి ఆయన గొంతు మైకులో వచ్చింది, ఎప్పటిలాగే తొట్రుపాటు లేకుండా, అయిజ, రాయచూరు, కర్నూలు అంటూ.

మరునాడు కాలేజీ నుంచి వస్తూ కోట దగ్గరి ఎస్టీడీ బూత్‌లోకి దూరాను. బస్టాండు బూత్‌లో అయితే నాన్నకు తెలిసిపోతుంది. సీడీ కవరు మీది నంబరు తిప్పాను. ఆ ఆడమనిషే తీసింది.

"ఆ ఆట నేను ఆడిన మేడమ్," అన్నాను.

ఆమె అడిగింది: "మంచు గ్రహం దాకా ఎలా వెళ్లారు?"

చెప్పాను. ఒడిసెల గురించి, గ్రహానికి వెనకనుంచి ఎందుకు పోవాలో, ఇంధనం ఎక్కడ దాచుకోవాలో, నేల లేని గళ్లలోంచి ఎట్లా పడ్డానో, అన్నీ చెప్పాను. ఎస్టీడీ మీటరు ఎర్ర అంకెలు పరుగెడుతుంటే కూడా ఆపలేదు. ఆమె మధ్యమధ్య "ఆ తర్వాత?" అంటూ విన్నది. చివరికి సంతోషంగా నవ్వింది. "సోమవారం రండి. ఎవరినైనా తోడు తెచ్చుకోండి, ఏం ఫర్వాలేదు," అన్నది. ఎట్లా పోయావు అని నన్ను అడిగి, చివరిదాకా విన్న మనిషి నా జీవితంలో ఆమె ఒక్కతే. ముఖం కూడా తెలియదు.

శనివారం అన్న రాగానే పెరట్లోకి పిలిచి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.

"నేను మల్ల ఆ ఆఫీసుకు ఏ మొకం పెట్టుకొని రావాలె?"

"నువ్వు కిందనే నిలబడు. నేనొక్కదాన్నే పైకి పోత."

"నాయినకు తెలిస్తె?"

"నిన్నే తోలుకపోత అన్నవ్ గద అన్నా."

"అప్పుడన్న. ఒద్దు చెల్లె, ఇడిసిపెట్టు. ఆటనే గద."

ఒక్కదానివే పోవచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. గద్వాల బస్టాండులో నన్ను ఎరగని కండక్టరు లేడు. రైలుకు పోదామంటే స్టేషనులో టికెట్లిచ్చే ఆయన నాన్నకు దోస్తు. దిగాక ఏ బస్సెక్కాలో, ఎటు నడవాలో తెలియదు. సోమవారం నేను క్లాసులో కూర్చున్నాను. మా కాలేజీ మేడమ్ బోర్డు మీద ఏదో లెక్క చేస్తున్నది. ఆ గంటలో ఆ ఆఫీసులో నా కోసం ఎవరైనా తలుపు వైపు చూశారేమో తెలియదు. పోకపోవడం నా తప్పని మాత్రం నేను ఎప్పుడూ ఒప్పుకోను.

ఆ నెలలోనే అన్న ప్రాజెక్టు అని కంప్యూటర్‌ను వనపర్తికి తీసుకుపోయాడు. స్థలం చాలడం లేదని ఆట తీసేశాడు. దాంతో నా గట్టు, మానవపాడు, తెలకపల్లి కూడా పోయాయి. ఆయన ఆ పేర్లు గమనించి కూడా ఉండడు. ఇంట్లో మాత్రం ఏ కూర మాడినా అమ్మకు ఒకటే మాట: "దాని మనసు ఆకాశంల ఉంటది." చుట్టాలకు తెలిసిన కథ వేరు. పిల్లవాడికి పట్నంలో ఉద్యోగం వచ్చేదట, చెల్లెలు సరిగా చెప్పక చేజారిందట.

తర్వాత నన్ను నాగర్‌కర్నూల్‌లో ఇచ్చారు. మా ఆయనకు మందుల దుకాణం. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. దుకాణానికని ఆయన కంప్యూటర్ కొని, కొన్నాళ్లకు కొత్తది రాగానే పాతది ఇంట్లో పడేశాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పటి ఆటల్లో ఆకాశం ఎంతో పెద్దది. ఒక సూర్యుడు కాదు, ఎన్నో. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు పోతూ, ఎవరూ దిగని చోట దిగుతూ, బడి లేని మధ్యాహ్నాలు గడిపేస్తాను. ఆ నల్లటి నిశ్శబ్దంలోకి పోగానే ఒళ్లు తేలికవడం ఇప్పటికీ పోలేదు. కానీ కాసేపు కాగానే నోట్లో ఏదో చేదు. ఇది ఉద్యోగం అయి ఉండేది, రోజూ పొద్దున లేచి దీనికోసమే పోయేదాన్ని అన్న ఆలోచన వస్తుంది. సంతోషం కోసం ఆడుతున్నానో, పంతం కోసం ఆడుతున్నానో అప్పుడప్పుడు నాకే తెలియదు. మా ఆయన మంచివాడే. "ఆడుకో, ఎవరొద్దన్నరు?" అంటాడు. ఆయనకు అది పిల్లల ఆట.

నాన్న రిటైరయ్యాక కంటి ఆపరేషన్‌కు నాగర్‌కర్నూల్ దవాఖానకు వచ్చి, మా ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాడు. పట్టీ తీసిన తర్వాత ఒక మధ్యాహ్నం, నేను ఆడుతుంటే వెనక కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేనా అప్పటి ఆట?"

"కాదు. ఇది వేరే."

"ఎంత దూరం పోతది ఇది?"

"పోతనే ఉంటది."

ఆయన తలూపాడు. ఏదైనా అంటాడేమోనని నేను ఎదురుచూసిన మాట నిజం. తెర మీద వలయాలున్న గ్రహం ఒకటి నెమ్మదిగా పైకి లేస్తున్నది. దాన్ని చూసి, "మంచిగున్నది," అన్నాడు. తర్వాత, "జర చాయ పెడ్తవా బిడ్డా?" అన్నాడు.

"దిగినంక పెడ్త," అన్నాను.

తొందరగా దిగగలను. దిగలేదు. గ్రహం చుట్టూ ఒక చుట్టు తిరిగాను, ఇంకో చుట్టు తిరిగాను. నాన్న అడగలేదు, గొంతు సవరించుకోలేదు, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. కాసేపటికి లేచి, చేతికర్ర వెతుక్కొని, తలుపు దగ్గరగా వేసి చాయ కోసం హోటలుకు పోయాడు. నాకు జాలి వేయాల్సింది. వేయలేదు.